కనబడని అరవై వాట్లు

ఏప్రిల్ 27

ఇవాళ కూడా తక్కువే. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు, ఎండ మాడు పగలగొడుతోంది, గొట్టం మాత్రం 842 అంటోంది. జనవరిలో సూర్యుడు సరిగ్గా ఇదే ఎత్తులో ఉన్నప్పుడు 904. ఈ నెలల్లో భూమి సూర్యుడికి కొంచెం దూరం జరుగుతుంది, ఆ తేడా తీసేశాకే ఈ లెక్క. మూడుసార్లు వేశాను. అరవై రెండు వాట్లు ఎటు పోయాయో తెలియడం లేదు.

గొట్టం అంటే మా వాతావరణ స్టేషన్ ఆఫీసు మేడ మీద ఉన్న ఎండ మీటరు. జానెడు పొడుగు, మూతికి గాజు బిళ్ళ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వైపే తిరుగుతూ నేరుగా వచ్చే ఎండను కొలుస్తుంది. నేను ఆ అంకెలకు కాపలా. ఎవరూ చదవని డైరీలో ఇదంతా ఎవరికి చెబుతున్నానో. రాస్తే నాకైనా అర్థమవుతుందని ఆశ.

ఏప్రిల్ 29, ఉదయం 5:20

పిన్ని పని చూద్దామని ముందే వెళ్ళాను. పిన్ని అంటే నాకు చుట్టం కాదు. ఆఫీసు ఊడ్చి, రోజూ సూర్యుడు రాకముందే మేడెక్కి గొట్టం గాజు తుడిచే మనిషి. పదకొండేళ్ళుగా అదే పని. మెత్తటి గుడ్డకు రెండు చుక్కల స్పిరిట్, మధ్య నుంచి అంచుకు ఒకే చుట్టు. తుడిచినంత సేపూ ఊపిరి బిగబడుతుంది, గాజు మీద ఆవిరి పడకూడదని. అది ఆమెకు ఎవరూ నేర్పలేదట.

ఏంటమ్మాయ్ ఇంత పొద్దున్నే, మీ అత్త తరిమేసిందా అని అడిగింది. మెలకువ వచ్చేసిందని అబద్ధం చెప్పాను. వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. మరి ఏం కనబడాలని వెళ్ళానో.

మే 2

హెడ్డాఫీసు నుంచి మెయిల్. మా స్టేషన్ ఎండ మూడు నెలలుగా ఎందుకు తగ్గుతూ వస్తోందో పది రోజుల్లో కారణం పంపాలట. లేకపోతే మీటరు పీకి తీసుకెళ్తారట. ఆఫీసరు గారు మెయిల్ ప్రింటు తీసి నా టేబుల్ మీద పెట్టి, కారణం మీరే కనుక్కోండి మేడమ్, రిజిస్టర్లన్నీ మీ దగ్గరే ఉన్నాయిగా అన్నారు. ఆయన మాటలో అంత మర్యాద ఉంటే నాకు భయం. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు కూడా అదే హెడ్డాఫీసులో ఉంది.

మొదట ఆవిరే అనుకున్నాను. పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఉంటుంది. గాలిలో నీటి ఆవిరి ఎక్కువైతే నేలకు చేరే ఎండ తగ్గుతుంది. మబ్బు కట్టనక్కర్లేదు, కంటికి కనబడనక్కర్లేదు, దారిలోనే కొంత పీల్చేసుకుంటుంది. హమ్మయ్య అనుకుని తేమ రిజిస్టరు తీశాను. జనవరిలో ఘనపు మీటరు గాలికి 19 గ్రాముల ఆవిరి. ఏప్రిల్లో 20. తేడా లేనట్టే. ఆవిరిని కొట్టేశాను.

ఇక మిగిలింది ఏమిటి? సూర్యుడు తగ్గలేదు. మీటరు రెండేళ్ళ కిందటే పరీక్ష పాసైంది. గాజు ఒక్కటే.

మే 3

బట్టలు ఆరడం లేదని అత్తయ్య గొడవ. ఎండ లేదా అంటే, ఉంది, అయినా ఆరడం లేదు, ఎండ డిపార్ట్‌మెంటులో పనిచేసేది నువ్వు, నువ్వే చెప్పాలి అన్నారు. ఆఫీసులో ఒకరు, ఇంట్లో ఒకరు.

మే 5

ఇవాళ పిన్ని రాకముందే మేడెక్కాను. గాజు అంచున మరక కనబడింది. బొటనవేలంత. తెల్లగా, పలచగా.

పిన్ని నిన్న ఆలస్యంగా వచ్చింది, మోకాలు పట్టేసిందని చెప్పింది. మోకాలికీ మరకకూ ముడి పెట్టేశాను. అప్పటికి నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. వారం రోజులుగా తలలో తిరుగుతున్న ప్రశ్నకు జవాబు దొరికింది, అది బొటనవేలంత ఉంది, దానికి ఒక మనిషి ఉంది.

ఆఫీసరు గారికి చెప్పాను. రాసివ్వమన్నారు. గాజు సరిగా తుడవకపోవడం వల్ల కావచ్చు అని రాశాను. ఆయన చదివి, ఈ కావచ్చులూ పోవచ్చులూ పెడితే అది రిపోర్టు ఎలా అవుతుంది మేడమ్, అయితే అవునని రాయండి, కాకపోతే ఇంకో కారణం రాయండి అన్నారు. ఇంకో కారణం నా దగ్గర లేదు.

మే 6

సంతకం పెట్టాను.

మే 9

రేపటి నుంచి రావద్దని పిన్నికి చెప్పేశారు. చెప్పింది ఆఫీసరు గారు, పక్కన నిలబడింది నేను. కుక్కిన పేనులా నిలబడ్డాను.

పిన్ని ఆయన్ని ఏమీ అడగలేదు. నా వైపు తిరిగి, గాజులో ఏం కనబడిందమ్మాయ్ అని అడిగింది. తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. మరక అన్నాను. ఏ రోజు అని అడిగింది. ఐదో తారీఖు అన్నాను. మిగతా రోజులో అంది. గాజు గుడ్డ ఉతికి మడతపెట్టి నా టేబుల్ మీద ఉంచి వెళ్ళిపోయింది.

హెడ్డాఫీసు మీద కోపం, ఆఫీసరు మీద కోపం. అత్త మీద కోపం దుత్త మీద చూపించానా? లేదు, మరక నిజంగానే ఉంది. ఉంది కదా.

మే 10, మధ్యాహ్నం

కొత్త మనిషి వచ్చేదాకా గాజు బాధ్యత నాది. పొద్దున్నే మూడుసార్లు తుడిచాను. మధ్యాహ్నం కూడా ఒకసారి.

841.

మే 11

843.

మే 12

840. స్పిరిట్ అయిపోయింది.

ఏమీ అర్థం కావడం లేదు. మరక వల్లే అయితే మరక పోగానే ఎండ పెరగాలి. పెరగలేదు. పైగా ఒక మరక ఒక్క రోజుది. తగ్గుదల మూడు నెలలది. ఇంత చిన్న లెక్క మే 5న నాకు ఎందుకు తట్టలేదు? పిన్నికి తట్టింది. మిగతా రోజులో అని అడిగింది కదా.

ఇంకొకటి. నాలుగో తారీఖు సాయంత్రం గొట్టం కొంచెం పక్కకు జరిగితే సరిచేసింది నేనే. మూతి దగ్గర పట్టుకునే జరిపాను. ఇవాళ మేడ మీద బొటనవేలు ఆ చోట ఆనించి చూశాను. సరిపోయింది. ఎవరి బొటనవేలైనా సరిపోతుంది. కానీ ఆ సాయంత్రం అక్కడ ఉన్నది నా ఒక్కదాని వేలే.

అన్నం సయించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే ఎండ దొరకడం లేదన్నాను. గొడుగు పక్కన పెట్టు, దొరుకుతుంది అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మే 13

పాత సార్‌కి ఫోన్ చేశాను. జనవరి ఆఖరున రిటైరయ్యేదాకా ఈ స్టేషన్ ఆయనదే, నాకు పని నేర్పింది ఆయనే. అంతా విని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు గాజును పట్టుకున్నావా అని చీవాట్లు పెట్టారు. ఎర్ర గాజు వేసి చూశావా అని అడిగారు.

చూడలేదు. ఎర్ర గాజు అని ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆయన నెలకోసారి దాన్ని గొట్టం మూతికి తగిలించి కొలిచేవారు. ఆయన వెళ్ళాక ఎవరూ అడగలేదు, నేను చేయలేదు. అడగని పని నేను ఎప్పుడూ చేయలేదని ఇప్పుడు తెలుస్తోంది.

మే 14

వరసగా రాసుకుంటాను, లేకపోతే నాకే మళ్ళీ కలగాపులగం అవుతుంది.

ఎర్ర గాజు నీలం, పచ్చ, పసుపు వెలుగును ఆపేస్తుంది. ఎరుపునూ, ఎరుపు దాటాక మన కంటికి అందని వేడి వెలుగునూ లోపలికి వదులుతుంది. కాబట్టి ఒకసారి ఎర్ర గాజు లేకుండా, ఒకసారి దానితో కొలిచి తీసేస్తే, మిగిలేది ఎర్ర గాజు ఆపేసిన వెలుగు. కంటికి కనబడే దాంట్లో చాలా భాగం అదే.

పాత సార్ జనవరి లెక్క: మొత్తం 904, ఎర్ర గాజుతో 566. తేడా 338.

ఇవాళ నా లెక్క: మొత్తం 842, ఎర్ర గాజుతో 505. తేడా 337.

గొట్టం గాజు మురికైతే అన్ని వెలుగులూ తగ్గాలి. దుమ్ము రంగు చూసి వదిలిపెట్టదు. 338 కాస్తా 315కి పడాలి. పడలేదు. ఒక్క వాటు తేడా, అది కొలతలో మామూలే. పోయిన ఎండంతా కంటికి అందని వైపు నుంచే పోయింది. అలా ఏరుకుని పీల్చేది ఆవిరి. ఆకాశం నీలంగా ఉన్నా, గోడ మీద నీడ నల్లగా ఉన్నా, నేను మేడ మీద కళ్ళు చికిలించుకుంటున్నా, ఎరుపు అవతల ఎండ పైనే ఆగిపోతోంది. ఎక్కడికీ పోలేదు కూడా, పైన గాలిని వేడి చేస్తోంది. మన దాకా రాలేదు, అంతే.

పిన్ని గాజు శుభ్రంగానే ఉంది. పదకొండేళ్ళూ శుభ్రంగానే ఉండి ఉంటుంది.

కానీ తేమ రిజిస్టరు ఆవిరి పెరగలేదంటోంది. 19, 20. రెండూ నిజం ఎలా అవుతాయి?

మే 15

అవవు. రిజిస్టరు అబద్ధం.

మేడ మూల చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లు ఉంటాయి. ఒకటి పొడిది. రెండోదాని బుడ్డికి నూలు వత్తి చుట్టి, కొస చిన్న నీళ్ళ సీసాలో వేస్తాం. వత్తి తడి ఆరుతుంటే బుడ్డి చల్లబడుతుంది. పొడిగాలి అయితే బాగా చల్లబడుతుంది. రెండింటి తేడా చూసి గాలిలో ఎంత ఆవిరుందో లెక్క కడతాం. వత్తిని రెండు వారాలకోసారి మార్చాలి, డిస్టిల్డ్ వాటరే పోయాలి. డిసెంబరు నుంచి అది నా పని.

డిసెంబరులో డిస్టిల్డ్ వాటర్ క్యాను అయిపోయింది. కొత్తది తెప్పించమని ఇండెంటు పెడదామనుకుంటూ కుళాయి నీళ్ళు పోశాను. ఈ ఒక్కసారికి అనుకున్నాను. ఇవాళ వత్తిని వేలితో ముట్టుకున్నాను. తెల్లగా ఉప్పు పట్టి సుద్దముక్కలా ఉంది. గోటితో కొడితే టక్‌మంది. దానికి తడి పీల్చే దారే లేదు. ఎంత పొడిగాలి వీచినా ఆ బుడ్డి చల్లబడదు, చల్లబడకపోతే గాలి తేమగా ఉందని నేను రాసుకుంటాను. జనవరిలో అలాగే రాశాను.

కొత్త వత్తి వేసి, బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ పోసి చూశాను. 20 గ్రాములు. పాత వత్తితో 21. అంటే ఇప్పటి అంకె దాదాపు సరైనదే. అర్థం కాక అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. తర్వాత వెలిగింది. ఇప్పుడు గాలి నిజంగానే తేమగా ఉంది కాబట్టి రెండు వత్తులూ ఒకటే చెబుతున్నాయి. తప్పు ఇప్పటిది కాదు, జనవరిది.

మే 16

ఇదే డైరీలో జనవరి పేజీలు తిరగేశాను. 19వ తేదీన రాసుకున్నాను: పెదాలు పగిలి అన్నం తింటుంటే మండుతున్నాయి. 22న: బీరువా హ్యాండిల్ ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొట్టింది, దువ్వెనకు జుట్టంతా లేచింది. ఆ రెండు రోజులూ ఆఫీసు రిజిస్టరులో నా చేత్తోనే 19 గ్రాములని ఉంది. పెదాలు పగిలేంత పొడిగాలికి 19 ఉండదు. ఇంటికొచ్చి ఒకటి రాశాను, ఆఫీసులో ఒకటి రాశాను, రెండూ రాసింది నేనేనని నాకు తట్టలేదు.

పక్క స్టేషనుకు ఫోన్ చేసి జనవరి తేమ అడిగాను. ఏడు గ్రాములట. ఎందుకని అడిగారు. ఊరికే అన్నాను.

పాత సార్ నా తేమ కాలమ్ ఎప్పుడూ తనిఖీ చేసేవారు కాదు. నమ్మేవారు.

మే 17

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆరు నెలల తేమ రికార్డు కొట్టేస్తారు, నా ఫైలు ఆగిపోతుంది. చెప్పకపోతే పిన్నికి గాజు తుడవడం రాదన్న మాటే నిలిచిపోతుంది.

మే 18

అత్తయ్య మాటల్లో తెలిసింది. పిన్ని సాయంత్రాలు మా వీధి క్లినిక్‌లో కూడా ఊడుస్తుంది. అక్కడ అద్దాలూ, అలమారా తలుపులూ తుడిచే పని ఆమె నుంచి తీసేశారట. ఆఫీసులో గాజు సరిగా తుడవలేదని మాన్పించారట కదా అని కాంపౌండరు అడిగాడట. అవునని తల ఊపి నేల తుడుచుకుంటోందట. అత్తయ్య ఇదంతా చెప్పి, పాపం, ఆ మనిషి చూడటానికి శుభ్రంగానే ఉంటుంది అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. వంటింట్లో నాకు పనేమీ లేదు.

మే 19

ఆఫీసరు గారికి చెప్పేశాను. ఎర్ర గాజు లెక్క, వత్తి, కుళాయి నీళ్ళు, బొటనవేలు, అన్నీ.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. తలుపు దగ్గరికి వేసి, చాలా మెల్లగా మాట్లాడారు. ఆవిరి వల్లే తగ్గిందని పంపుదాం, కారణం దొరికింది, హెడ్డాఫీసు సంతోషిస్తుంది, వత్తి సంగతి ఎందుకు, ఇప్పటి అంకె సరిగ్గానే ఉందిగా అన్నారు. మరి పిన్ని అన్నాను. ఆమెకు ఇంకెక్కడైనా పని దొరక్కపోదు, మీ ఫైలు మళ్ళీ దొరుకుతుందా అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్పారు. నాకూ ఒక నిమిషం అది మంచిగానే అనిపించింది, ఆ నిమిషం గురించే రాయాలి. ఆ నిమిషంలో నాకు చాలా తేలిగ్గా ఉంది. మే 5న మరక చూసినప్పుడు ఎంత తేలిగ్గా ఉందో అంతే. ఆ పోలిక తట్టగానే భయమేసింది.

ఆలోచించుకుంటానని వచ్చేశాను. ఏం ఆలోచించాలో తెలియడం లేదు.

మే 21

రాసిచ్చాను. గాజు శుభ్రంగా ఉంది. నా ఆరో తేదీ రిపోర్టు తప్పు. డిసెంబరు నుంచి వత్తి మార్చలేదు, మార్చాల్సింది నేను. ఈసారి కావచ్చు అనే మాట రాయాలని చెయ్యి రెండు చోట్ల ఆగింది. రాయలేదు.

ఆఫీసరు గారు చదివి, మీ ఇష్టం మేడమ్ అన్నారు. స్టాంపు వేశారు. వేసినప్పుడు కాగితం కొంచెం చిరిగింది.

మే 27

హెడ్డాఫీసు జవాబు. మీటరు ఇక్కడే ఉంటుంది. డిసెంబరు ఒకటి నుంచి మే పదిహేను దాకా తేమ రికార్డు రద్దు. నా ఫైలు ఏడాది వెనక్కి. గాజు తుడిచే మనిషిని తిరిగి తీసుకోవచ్చు. ఆఖరి వాక్యం వాళ్ళకు చిన్నది, అక్షరాలు కూడా చిన్నవిగా కనబడ్డాయి.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను. ఒకే గది. కిటికీ అద్దం ఎంత శుభ్రంగా ఉందంటే తెరిచి ఉందనుకుని దాని గుండా చెయ్యి పెట్టబోయాను. కూర్చోమని కుర్చీ తుడిచింది. అంతా చెప్పాను. ఆవిరి గురించి, కంటికి కనబడని ఎండ గురించి కూడా. మధ్యలో ఆపి, అయితే కనబడే వెలుగు తగ్గలేదన్నమాట అంది. తగ్గలేదు అన్నాను. మరి నీకు కనబడిందేంటమ్మాయ్ అంది.

తప్పయిపోయింది పిన్నీ అన్నాను. దానిదేముందిలే అంది. టీ పెట్టింది. ఆ లే అన్నది క్షమించడమో, ఇంక ఆ మాట వద్దనడమో దారి పొడుగునా ఆలోచించాను. తేలలేదు.

అక్కడి నుంచి బయల్దేరే ముందు ఒకటి అడిగాను. క్లినిక్‌కు నేను వచ్చి చెబుతాను, నా తప్పేనని చెబుతాను అన్నాను. వద్దంది. నువ్వు చెబితే వాళ్ళు నిన్ను నమ్ముతారు, నన్ను కాదు అంది.

జూన్ 1

పిన్ని వచ్చింది. ఎప్పటిలాగే 5:20కి మేడ మీద ఉంది. తుడిచాక కిందికి రాకుండా నా కోసం ఆగింది. చేతిలో కొత్త నోటుబుక్కు. స్కేలు పెట్టి గీతలు గీయించుకుని వచ్చింది. తారీఖు, టైము, గాజు ఎలా ఉంది, చూసినవాళ్ళ సంతకం. నాలుగు గడులు.

చూసి సంతకం పెట్టమ్మాయ్ అంది.

ఇదంతా ఎందుకు పిన్నీ, నాకు నీ మీద నమ్మకం ఉంది అన్నాను. అది నాకు తెలుసు, మొన్న కూడా ఉంది కదా అంది. కోపమా అని అడిగాను. కోపం ఎందుకు, పొద్దున్నే కోపం పెట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, గాజు మీద గీత పడుతుంది అంది. నవ్వుతూనే అంది. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. పెన్ను మాత్రం చాచే ఉంచింది.

ఆఫీసరు గారికి ఈ నోటుబుక్కు ఎంతో నచ్చింది. ఇది మంచి ప్రొసీజరు, అన్ని స్టేషన్లలో పెట్టించాలి అన్నారు.

జూన్ 4

గొట్టం 839. తేమ 21 గ్రాములు, కొత్త వత్తి. లెక్కకు సరిగ్గా సరిపోయింది. సంతోషించాల్సిన రోజు. అత్తయ్యకు బట్టలు ఎందుకు ఆరడం లేదో కూడా వివరంగా చెప్పాను. విని, అంటే ఆరవంటావు అన్నారు.

జూన్ 5, ఉదయం 5:20

చూడకుండానే సంతకం పెడతానన్నాను. పిన్ని పెన్ను ఇవ్వలేదు.